మందు మానాలా, రెండో బిడ్డను మానుకోవాలా?

హనుమకొండ నుంచి ఒక చెల్లెలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

వయసు 31. ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి టీచరు. భర్తది ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం. సీజన్లో బస్తాలు ఇంటి ముందు గదిలోనే ఉంటాయి. ఆరేళ్ల పాప ఉంది. మూడేళ్ల కిందట చలికాలంలో బట్టలు పిండుతుంటే వేళ్లు సున్నం రాసినట్టు తెల్లబడి, కాసేపటికి నీలంగా మారేవి. చలికేమో అనుకున్నారు. తర్వాత వేళ్లు ఉబ్బాయి, చర్మం బిగిసింది, పెళ్లి ఉంగరం రాకపోతే కంసాలి దగ్గర కోయించుకున్నారు. కిందటేడు సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర నాలుగు చుట్లు తిరిగేసరికి దమ్ము ఆగక పక్కకు వచ్చి కూర్చున్నారు. క్లాసులో ఒక పేరా చదివేలోపు రెండుసార్లు పొడి దగ్గు. ఎక్స్‌రే చూసిన ఒక డాక్టరు, కఫం పరీక్షలో ఏమీ తేలకుండానే టీబీ మందులు మొదలుపెట్టారు. రెండు నెలలు వాడితే మూత్రం ఎర్రగా రావడం తప్ప మార్పు లేదు. రెండో డాక్టరు ఛాతీ కంటే ముందు చేతులు చూశారట. "వేళ్లు ఎప్పటి నుంచి ఇట్లున్నయమ్మా?" అని అడిగారట. రక్తపరీక్షలో ఎస్‌సీఎల్-70 (ఈ జబ్బును పట్టిచ్చే ఒక యాంటీబాడీ) పాజిటివ్ వచ్చింది. హెచ్‌ఆర్‌సీటీ స్కాన్‌లో (ఊపిరితిత్తులను వివరంగా చూపే సీటీ) రెండు ఊపిరితిత్తుల అడుగు భాగాల్లో ఐఎల్‌డీ, అంటే గాలి గదుల గోడల్లో వాపు, మచ్చ, కనిపించింది. జబ్బు పేరు స్క్లీరోడెర్మా అన్నారు. రోగనిరోధక శక్తిని అణిచే మైకోఫినోలేట్ గోలీలు రోజుకు రెండు గ్రాములు రాశారు. ఊపిరి పరీక్షలో మొదట 68 శాతం ఉన్న ఎఫ్‌వీసీ (నిండుగా పీల్చి ఊదగలిగే గాలి, ఉండాల్సినదాంట్లో ఎంత శాతమో చెప్పే అంకె), ఐదు నెలల తర్వాత 70 వచ్చింది.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. మనవడు పుడితే మేడారంలో నిలువెత్తు బంగారం ఇస్తానని అత్తమ్మ మొక్కుకున్నారు. ఈ గోలీలు వాడుతూ కడుపుతో ఉండకూడదని భర్త ఫోన్‌లో చదివి, "ఒక్క ఏడాది మందు ఆపుదాం, బిడ్డ పుట్టాక మళ్లీ మొదలుపెడుదువు" అంటున్నారు. ఆడబిడ్డ సరోగసీ అంటోంది. ఒక చుట్టం చెట్ల మందు పొడి తెచ్చిచ్చారు. ఈమె ఎవరికీ చెప్పకుండా నెలన్నరగా సగం గోలీలే వేసుకుంటున్నారు. "ఒక్క ఏడాది ఆపితే ఏమవుతుంది? నా ఊపిరితిత్తులు మళ్లీ మామూలవుతాయా? నేను ఇంకో బిడ్డను కనొచ్చా? ఇంట్లో ఎట్లా చెప్పాలి?" అని అడుగుతున్నారు.

అమ్మా, మీ నాలుగు ప్రశ్నలకంటే ముందు, అయిదో పేజీ చివర మీరు రాసి వదిలేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "ఈ నెల ఇంకా రాలేదు, 38 రోజులైంది, టెన్షన్ వల్లేనేమో." టెన్షన్ వల్ల కూడా కావచ్చు. కానీ ఏ జాగ్రత్తా తీసుకుంటున్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇది చదివిన మర్నాడు పొద్దున, మొదటి మూత్రంతో ప్రెగ్నెన్సీ కిట్ టెస్టు చేసుకోండి. ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది. లేదని వస్తే వారం ఆగి మరోసారి చూసుకోండి.

ఉందని వస్తే ఆ రోజే మీ రుమటాలజిస్టుకు (కీళ్లవాతం, స్క్లీరోడెర్మా లాంటి జబ్బులు చూసే డాక్టరుకు) ఫోన్ చేయండి. మీ అంతట మీరు ఏమీ నిర్ణయించుకోవద్దు, మెడికల్ షాపు నుంచి గర్భం పోయే గోలీలు అసలే తెచ్చుకోవద్దు. మైకోఫినోలేట్ వాడుతున్నప్పుడు గర్భం వస్తే అది నిలవకపోయే ప్రమాదం, బిడ్డకు చెవులు, పెదవి, అంగిలి, గుండెల్లో లోపాలు వచ్చే ప్రమాదం పెరుగుతాయి. ప్రతి బిడ్డకూ వస్తాయని కాదు. మందు ఎలా మార్చాలి, ఏ వారంలో ఏ స్కాన్ చేయాలి, గర్భం కొనసాగించడం మీ ఊపిరితిత్తులకు ఎంత భారం అనేవి గైనకాలజిస్టు, రుమటాలజిస్టు కలిసి మీకు వివరంగా చెప్పాలి. విన్నాక కొనసాగించాలనుకున్నా, వద్దనుకున్నా ఆ నిర్ణయం మీది. గర్భం తీయించుకోవాలంటే, మన దేశంలో ఎంటీపీ (గర్భస్రావ) చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు, వయసొచ్చిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు. భర్త సంతకం కావాలని ఎవరైనా అంటే అది చట్టంలో ఉన్న మాట కాదు.

ఇక సగం గోలీల సంగతి. మీరు ఎందుకలా చేశారో నాకు అర్థమైంది. మందూ పూర్తిగా మానలేదు, ఇంట్లోవాళ్ల మాటా పూర్తిగా తీసేయలేదు అని మనసుకు సర్దిచెప్పుకున్నారు. కానీ ఉన్న దారులన్నిట్లో ఇదే చెడ్డది. సగం మోతాదు ఊపిరితిత్తులను సరిగా కాపాడదు. కడుపులో బిడ్డ ఉంటే ముప్పు మాత్రం అలాగే ఉంటుంది. పైగా వచ్చే పరీక్షలో నంబరు తగ్గితే, పూర్తి మందు వాడినా పని చేయలేదనుకుని మీ డాక్టరు ఇంకా ఘాటైన మందు వైపు వెళ్లొచ్చు. జరిగింది జరిగినట్టు ఆయనకు చెప్పండి. కోప్పడతారేమోనని భయపడకండి. గోలీలు మానేసి మానలేదని చెప్పే పేషెంట్లను మేం రోజూ చూస్తాం, నిజం చెప్పిన పేషెంటు మీద కోపం రాదు.

ఒక్క ఏడాది ఆపితే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు, జబ్బు ఏం చేస్తుందో తెలిస్తే మీకే తడుతుంది. చర్మం, కీళ్లు, రక్తనాళాలు, ఊపిరితిత్తులు, అన్నిటినీ పట్టి ఉంచే పీచులాంటి కణజాలం ఒకటి ఒళ్లంతా ఉంటుంది. సంయోజక కణజాలం అంటారు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి దాని మీదికే తిరగబడితే వచ్చే జబ్బుల కుటుంబంలో స్క్లీరోడెర్మా ఒకటి. మీ వేళ్ల చర్మం బిగిసినట్టే లోపల గాలి గదుల మధ్య ఉండే పలుచని గోడలూ బిగుస్తాయి. గంజి ఎక్కువైన బట్ట ఎలా బిరుసెక్కుతుందో అలా. ఊపిరి లోపలికి నిండుగా వెళ్లదు, వెళ్లిన గాలిలోని ఆక్సిజన్ మందమైన గోడ దాటి రక్తంలోకి తేలిగ్గా రాదు. అందుకే కూర్చుంటే ఏమీ ఉండదు, మెట్లెక్కితే దమ్ము వస్తుంది. మీ వీపు కింది భాగంలో స్టెతస్కోపు పెట్టి ఊపిరి పీల్చమంటే చిరచిరమని ఒక శబ్దం వినిపిస్తుంది. మీ పిల్లలు స్కూలు బ్యాగు వెల్‌క్రో పట్టీ లాగినప్పుడు వచ్చే శబ్దం అచ్చం అదే.

ఇందులో రెండు భాగాలుంటాయి. ఒకటి వాపు, రెండోది మచ్చ. వాపును మందు తగ్గించగలదు. మచ్చ కట్టిన భాగం మళ్లీ మెత్తబడదు. కాబట్టి "మళ్లీ మామూలవుతాయా" అంటే, పూర్తిగా అవుతాయని నేను చెప్పలేను. ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే ఈ వైద్యం లక్ష్యం. ఆ లెక్కన 68 నుంచి 70 మంచి కబురు. రెండు శాతం పెరగడం ఊదడంలో వచ్చే తేడా కావచ్చు. కానీ తగ్గలేదు చూశారా, మీకు కావలసింది అదే. సగం గోలీలు మొదలుపెట్టాక పరీక్ష జరగలేదని మీ తేదీలను బట్టి అర్థమైంది, అందుకే ఇంకో పరీక్ష త్వరగా చేయించమంటున్నాను. అదే ల్యాబులో, అదే మెషీన్ మీద. డీఎల్‌సీఓ (ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి గాలి ఎంత తేలిగ్గా దాటుతుందో చెప్పే పరీక్ష) కూడా చూడమనండి, మీరు పంపిన రిపోర్టులో అది లేదు. ఎకో (గుండె స్కాన్) పరీక్ష కూడా లేదు.

స్క్లీరోడెర్మాలో ఊపిరితిత్తులు ఎక్కువగా దెబ్బతినేది జబ్బు మొదలైన తొలి నాలుగైదేళ్లలోనే. మీకిప్పుడు మూడో ఏడు. మీ ఆయన అడుగుతున్న ఆ ఒక్క ఏడాది సరిగ్గా ఈ రోజుల్లో పడుతోంది. 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో మైకోఫినోలేట్‌ను రెండేళ్లు ఇచ్చి చూశారు. అంతకుముందు వాడుతున్న సైక్లోఫాస్ఫమైడ్‌తో సమానంగా ఊపిరిని కాపాడింది, తట్టుకోవడం తేలికైంది. ఇప్పుడు దీన్ని మొదట రాసేది అందుకే. అదే వైద్యబృందం 2006లో చేసిన మొదటి అధ్యయనంలో సైక్లోఫాస్ఫమైడ్‌ను ఏడాది ఇచ్చి ఆపితే, ఆపిన ఏడాదికల్లా దాని ఫలితం దాదాపు కరిగిపోయింది. "ఆపుదాం, మళ్లీ మొదలుపెడుదువు" అన్న మాటలోని చిక్కు ఇక్కడుంది. మందు మళ్లీ మొదలుపెట్టొచ్చు, ఈలోపు మచ్చ కట్టిన ముక్క మాత్రం తిరిగి రాదు.

ఇలా చెబుతుంటే బిడ్డ సంగతి మరిచిపొమ్మంటున్నానని అనుకోకండి. స్క్లీరోడెర్మా ఉండి, జబ్బు కుదురుగా ఉన్నప్పుడు బిడ్డను కని ఇద్దరూ క్షేమంగా ఇంటికొచ్చిన తల్లులు చాలామంది ఉన్నారు. మీ ఇంట్లో మందా బిడ్డా అని పంచాయితీ నడుస్తోంది. నేను చూసేది ఏది ముందు, ఏది తర్వాత అని.

ఒక దారి ఇది. పూర్తి మోతాదుకు తిరిగి వెళ్లి ఏడాదిన్నర, రెండేళ్లు వాడటం. ఆ కాలమంతా గర్భం రాకుండా గట్టి ఏర్పాటు ఉండాలి. కాపర్-టీ లాంటిది మీకు బాగా కుదురుతుంది. గర్భనిరోధక మాత్రల మీద మాత్రమే ఆధారపడవద్దు, వాటి బలాన్ని మైకోఫినోలేట్ కొంత తగ్గించవచ్చు. ఊపిరి పరీక్షలు నిలకడగా ఉండి, ఎకోలో ఊపిరితిత్తుల రక్తనాళాల ఒత్తిడి పెరగలేదని తేలితే, అప్పుడు మైకోఫినోలేట్ నుంచి గర్భంలో వాడదగిన అజాథయోప్రిన్ లాంటి మందుకు మారుస్తారు. మైకోఫినోలేట్ ఆపాక కనీసం ఆరు వారాలు ఆగాలి. నిజానికి కొత్త మందు మీద ఊపిరి నిలబడుతోందా అని మరికొన్ని నెలలు చూడటమే మంచిది. అప్పటికి మీకు 33, 34 ఏళ్లు. బిడ్డను కనడానికి అది దాటిపోయిన వయసు కాదు. ఈ దారిలో కష్టమంతా ఇంట్లో మాటలు పడుతూ రెండేళ్లు గడపడమే.

రెండో దారి, ఆగలేం అనుకుంటే, డాక్టర్ల సమక్షంలో ఇప్పుడే మందు మార్చుకోవడం. కుదరదని కాదు. కానీ స్క్లీరోడెర్మా ఊపిరితిత్తుల విషయంలో అజాథయోప్రిన్‌కు మైకోఫినోలేట్ అంత బలమైన రుజువు లేదు. ఈ మార్పుకు ఊపిరి తగ్గితే ఆ తగ్గిన ఊపిరితోనే తొమ్మిది నెలలు మోయాలి. నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ బరువు తక్కువగా ఉండటం, బీపీ పెరగడం కూడా ఈ జబ్బులో మామూలు కంటే ఎక్కువ. ఎకోలో పల్మనరీ హైపర్‌టెన్షన్, అంటే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరగడం, ఉందని తేలితే మాత్రం ఈ రెండు దారులూ మూసుకుపోతాయి. ఆ స్థితిలో గర్భం తల్లి ప్రాణానికే ముప్పు. అందుకే ఎకో లేకుండా ఇంట్లో ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

పాప ఒక్కతే చాలనుకోవడం మూడో దారి. మీ ఉత్తరంలో ఎక్కడా మీరు "నాకు ఇంకో బిడ్డ కావాలి" అని రాయలేదు. అత్తమ్మకు కావాలని, ఆయనకు కావాలని రాశారు. మీకు కావాలా వద్దా అన్నది మీరొక్కరే కూర్చుని ఆలోచించుకోండి. కావాలంటే కావాలని చెప్పండి, అందులో తప్పేం లేదు. వద్దంటే అందులోనూ తప్పు లేదు. మీ ఆడబిడ్డ చెప్పిన సరోగసీ మీకు వర్తించదు. 2021 సరోగసీ చట్టం ప్రకారం ఆరోగ్యంగా ఉన్న సొంత బిడ్డ బతికుండగా ఆ దారి పట్టనివ్వరు.

చెట్ల మందు పొడి మాత్రం తీసి పక్కన పెట్టండి. ఇచ్చినవాళ్ల మనసు మంచిదే కావచ్చు. కానీ పేరు లేని పొడుల్లో కొన్నిట్లో స్టిరాయిడ్ కలిపి ఉంటుంది. వేసుకున్న రెండు రోజుల్లో ఒళ్లు తేలికైనట్టుంటుంది, అందుకే నమ్మకం కుదురుతుంది. స్క్లీరోడెర్మాలో ఎక్కువ మోతాదు స్టిరాయిడ్ వల్ల ఉన్నట్టుండి బీపీ పెరిగి కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇప్పటికే కొంత వేసుకుని ఉంటే, అదీ డాక్టరుకు చెప్పి బీపీ చూపించుకోండి. ఇంట్లో ఒక బీపీ మెషీన్ పెట్టుకుని వారానికోసారి చూసుకోవడం మీకు ఎటూ మంచిదే. తలనొప్పితో బీపీ బాగా పెరిగితే తెల్లారేదాకా ఆగకుండా దవాఖానకు వెళ్లాలి.

ఇప్పుడు ఇంట్లో చెప్పడం. అత్తమ్మకు మీరు చెప్పకండి, మీ ఆయన చెప్పాలి. ఆయన చెప్పాలంటే ముందు ఆయనకు తెలియాలి. రెండేళ్లుగా మీరు ఆటోలో ఒక్కరే దవాఖానకు వెళ్లి వస్తున్నారని రాశారు. ఈసారి ఆయన్ని వెంట తీసుకెళ్లండి. డాక్టరును సీటీ ఫిల్ము లైటు ముందు పెట్టి, ఏది ఊపిరితిత్తి, ఏది మచ్చ అని ఆయనకు చూపించమని అడగండి. మిర్చి రాశిలో చేయి పెట్టి తాలు ఎంతో చెప్పగల మనిషి, తెల్లగా గీతలు గీతలుగా ఉన్న ఆ అడుగు భాగాన్ని చూస్తే అర్థం చేసుకుంటారు. మీ ఆయన మందు ఆపమన్నది మీ మీద ప్రేమ లేక అని నాకు అనిపించలేదు. గోలీల వల్ల పుట్టబోయే బిడ్డకు ముప్పని చదివి భయపడ్డారు. ఆయన చదివింది నిజమే, సగం మాత్రమే చదివారు.

ఆయన ముందుకు రాకపోతే మీ అమ్మానాన్నల్లో ఒకరికి నిజం తెలియాలి. ఈ జబ్బును దాచి ఒంటరిగా మోయలేరు.

అత్తమ్మ మొక్కును తప్పుపట్టి ఇంట్లో గొడవ తెచ్చుకోవద్దు. సమ్మక్క, సారలమ్మల దగ్గర కోడలి ప్రాణం కోసం కూడా బంగారం మొక్కుకోవచ్చు. ఆ మాట ఆమె కొడుకు నోటి నుంచి వస్తే ఆమె వింటారు. మనవడే కావాలన్న పట్టుదలకు మీరు బాధ్యులు కారు. మగబిడ్డా ఆడబిడ్డా అన్నది తండ్రి వైపు నుంచి వచ్చే కణంతో తేలుతుంది. రెండోసారి కూడా పాపే పుట్టొచ్చు. అప్పుడు మూడోసారి అడుగుతారా అని మీ ఆయన్ని ఇప్పుడే అడగండి.

ఈలోపు ఇంట్లో మార్చగలిగినవి కొన్ని ఉన్నాయి. మిర్చి బస్తాలు ముందు గదిలోంచి గోదాముకు వెళ్లాలి. మీ జబ్బు మిర్చి వల్ల రాలేదు, ఆ నింద ఆయన మీద వేయకండి. కానీ బిగిసిన ఊపిరితిత్తులకు ఆ ఘాటు, దుమ్ము దగ్గును పెంచుతాయి. (రాయి పొడి సంగతి వేరు. రాయి కోసినప్పుడు లేచే సిలికా దుమ్ముకూ స్క్లీరోడెర్మాకూ సంబంధం ఉంది. కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవాళ్లు వేళ్లు తెల్లబడితే తేలిగ్గా తీసుకోవద్దు.) రాత్రి భోజనం పడుకోవడానికి మూడు గంటల ముందే ముగించి, మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టండి. ఈ జబ్బులో అన్నవాహిక కూడా సడలిపోతుంది, పైకి తన్నుకొచ్చే పులుపు ఊపిరితిత్తుల్లోకి జారి దగ్గును, బహుశా మచ్చనూ పెంచుతుంది. బట్టలు గోరువెచ్చని నీళ్లతోనే ఉతకండి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి మీ డాక్టరును అడగండి. మైకోఫినోలేట్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది కాబట్టి జ్వరం వస్తే అదే రోజు చూపించుకోవాలి, రక్తపరీక్షలు చెప్పిన తేదీకి చేయించాలి.

మీ తమ్ముడు కొనిచ్చిన వేలి ఆక్సిజన్ మీటరు 86 చూపించిందని రాత్రంతా ఏడ్చానని రాశారు. చల్లబడి తెల్లబడే వేళ్లలో రక్తం సరిగా పారదు, అప్పుడు ఆ మెషీన్ తప్పు అంకె చూపిస్తుంది. చేతులు వేడి చేసుకుని మళ్లీ చూడండి. దవాఖానలో చెవి తమ్మెకో, నుదుటికో పెట్టి చూడమనండి. అక్కడా తక్కువే వస్తే అది నిజం, అప్పుడు ఆలస్యం చేయకూడదు.

ఖర్చు గురించి ఒక మాట. గోలీలకు నెలకు వేలల్లో అవుతోందని రాశారు. రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. మీ జబ్బుకు అందులో ఏవి వర్తిస్తాయో ఎంజీఎం ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. రెండో అభిప్రాయం కావాలంటే హైదరాబాదు నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. కాజీపేటలో పొద్దున రైలెక్కితే ఓపీ టైముకు అందుకోవచ్చు.

ఇది చదువుతున్న మిగతావాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. రుమటాయిడ్ కీళ్లవాతం, మయోసైటిస్ (కండరాల వాపు), షోగ్రెన్ (కళ్లు, నోరు ఎండిపోయే జబ్బు) లాంటి జబ్బులున్నవాళ్లకూ ఊపిరితిత్తులు ఇలాగే దెబ్బతినవచ్చు. కొందరిలో కీళ్ల కంటే ముందే దగ్గు మొదలవుతుంది. పొడి దగ్గు వారాల తరబడి తగ్గకుండా, నడిస్తే ఆయాసం వస్తుంటే, ఛాతీ డాక్టరుకు మీ కీళ్ల సంగతి, కీళ్ల డాక్టరుకు మీ దగ్గు సంగతి చెప్పండి.

చెల్లెమ్మా, దవాఖానకు వెళ్లేటప్పుడు ఫైలులో రెండు ఊపిరి పరీక్షల కాగితాలు, సీటీ ఫిల్ములు, సీడీ పెట్టుకోండి. టీబీ మందుల పాత చీటీ కూడా పెట్టండి. అప్పుడు టీబీ ఖాయంగా తేలలేదు, ఇప్పుడు రోగనిరోధక శక్తిని తగ్గించే మందు వాడుతున్నారు, కాబట్టి ఆ సంగతి మరోసారి తేల్చుకోవాల్సిన అవసరం ఉందేమో ఆయన చూస్తారు. నెలన్నరగా ఏ రోజు ఎన్ని గోలీలు వేసుకున్నారో ఒక కాగితం మీద రాసి అన్నిటికంటే పైన పెట్టండి. నోటితో చెప్పడానికి గొంతు రాకపోతే ఆ కాగితం చేతికివ్వండి, చాలు.